ట్రైలర్‌కి రబ్బరు చెప్పులు

క్వార్ట్‌జ్‌సైట్, అరిజోనా
ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం

నా ఆర్డిస్‌కి,

ఎడారిలోంచి నీ వెర్లిన్ రాస్తున్నాడు. ఇక్కడ మన చక్రాల ఇల్లు ట్రైలరూ, దాన్ని లాగే పికప్పూ, కాఫీ డబ్బాలో నువ్వు నాటిన ముళ్ళమొక్కా అన్నీ క్షేమం. అక్కడ నువ్వూ, మీ చెల్లెలు మార్నా, ఆవిడ మోకాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మైనాట్‌లో మంచు కిటికీ ఎత్తు లేచిందని రాశావు. ఇక్కడ పొద్దున కోటు తొడుక్కుని, మధ్యాహ్నానికి బనియనుతో తిరుగుతున్నాం. ఫోన్‌లో అయితే సగం మాటలు నీకు వినపడవు, మిగతా సగం ఇక్కడి సిగ్నల్ మింగేస్తుంది. నేను పంటకోతల జట్టుతో ఊళ్ళు తిరిగిన కాలం నుంచీ మనకి ఉత్తరాలే అచ్చొచ్చాయి.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. తింటున్నాను. డబ్బా చిక్కుడుగింజలు ఒక్కటే కాదు, బుధవారం వెనక ట్రైలర్ గ్లెన్నా బంగాళదుంపల సూప్ ఇచ్చింది. ఉప్పు మరిచిపోయింది, నేను చెప్పలేదు. చొక్కాలు ఉతుక్కుంటున్నాను, కానీ తెల్లవి ఇప్పుడు తెల్లవి కావు. సాయంత్రం నాలుగింటికి అందరూ గుండ్రంగా కుర్చీలు వేసుకునే చోటికి పోతున్నావా అని అడిగావు. మొదట్లో పోయాను. అక్కడ అంతా జంటలు జంటలుగా కూర్చుంటారు. నా పక్కన నీ కుర్చీ పట్టేంత జాగా వదిలేస్తారు, ఎవరూ దగ్గరికి జరగరు. మంచితనంతోనే చేస్తారు పాపం. ఆ ఖాళీని పక్కన పెట్టుకుని బీరు తాగలేక మానేశాను.

నా అక్షరాలు ఇంత చిన్నవవుతున్నాయేమిటి, మార్నా భూతద్దం పట్టుకుని చదివి పెట్టాల్సి వస్తోంది, కాగితానికి కరువొచ్చిందా అని ఎగతాళి చేశావు. ప్రస్తుతానికి కరువే అనుకో. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "ఊగడం ఆగిందా? నిజం చెప్పు. ఆగితే నెలాఖరుకి బస్సు టికెట్ కొంటాను. ఆగకపోతే పిలవకు. ఇక్కడ నా మంచం కదలట్లేదు, నాకు తల తిరగడం పోయింది." ఈ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో. నీమీద కోపం లేదు. ఈ ట్రైలర్‌లో పడవలో పడుకున్నట్టుందని రెండు శీతాకాలాలు నువ్వు మొత్తుకున్నావు. గాలి అన్నాను. నేల మెత్తన అన్నాను. నీ చెవిలో దోషం అని కూడా అన్నాను.

సరే, ఏం చేశానో విను. మన వెనక వరసలో ఆకుపచ్చ ట్రైలర్ గ్లెన్నా గుర్తుందిగా, లారీలు నడిపి రిటైరైన ఆవిడ. పిడికెడంత కుక్కని పెంచుతుంది, దానిది పిట్ట కొంచెం కూత ఘనం. ట్రైలర్ ఒక పక్కకి ఒరిగి ఉంది కదా, అందుకే ఊగుతోందేమోనని నేను నాలుగు మూలలా ఉన్న జాకీల్లో ఆ పక్కవి రెండూ తెగ తిప్పి పైకి లేపాను. లేచింది. ఆ తర్వాత తలుపు తెరుచుకోలేదు. కాఫీ లోపల, నేను బయట. అప్పుడే గ్లెన్నా కుక్కని తిప్పుకుంటూ వచ్చింది.

"ఏమయ్యా వెర్లిన్, కొండని చిటికెన వేలితో ఎత్తుతున్నావా? ఈ జాకీలు మోయడానికి కాదయ్యా, కదలకుండా పట్టుకోడానికి. బరువు మోసేది చక్రాలు."

"ఆమాత్రం నాకూ తెలుసు."

"తెలిస్తే తలుపెందుకు బిగుసుకుంది? చట్రం మెలిపడుతోంది. దించు, దించు. మీ ఆవిడ చూస్తే మళ్ళీ మైనాట్ పారిపోతుంది."

దించాను. పల్లం పక్క చక్రాల ముందు చెక్కలు పెట్టి, పికప్‌తో ఒక్క అడుగు ముందుకి లాగి వాటి మీదికెక్కిస్తే ట్రైలర్ బుద్ధిగా సమంగా నిలబడింది. అయినా ఊగుతోంది. అప్పుడు గ్లెన్నా వంగి జాకీల అడుగులు చూపించింది. ఉత్త ఇనప రేకులు. మనం లోపల అడుగు వేసినప్పుడల్లా అవి గులకరాళ్ళ మీద వెంట్రుకవాసి జారుతున్నాయి, కిర్రుమంటున్నాయి. "చెప్పుల్లేకుండా రాళ్ళ మీద నిలబెడితే నువ్వు మాత్రం కుదురుగా ఉంటావా?" అంది. ఊళ్ళో దుకాణంలో వాటికి తొడిగే రబ్బరు మెత్తలు అమ్ముతారట. బొటనవేలంత మందం, చుట్టూ అంచు ఉంటుంది. ఇనప పాదం ఆ అంచులోకి దూరి కూర్చోవాలి.

నాలుగు కొనుక్కొచ్చి, పాత అట్టపెట్టె పరిచి ట్రైలర్ కిందకి దూరాను. జాకీని కాస్త పైకి తిప్పి, పాదానికి పట్టిన తుప్పు గీకి, గిన్నెలు తోమే సబ్బు రాసి, వేడినీళ్ళలో నానిన రబ్బరుని ఒక అంచు తగిలించి రెండో అంచు లాగాలి. మొదటివి రెండూ మా బాగా పట్టాయి. మూడోదానికి కుడి చెయ్యి మొండికేసింది. వేళ్ళకి పని చెబితే కాసేపు ఆలోచించుకుని గానీ కదలవు. అలిసిపోయి చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని పడుకుంటే, అది దానంతటది వణుకుతోంది. గ్లెన్నా వంగి చూసింది.

"చలి" అన్నాను.

"చలికి రెండు చేతులూ వణకాలిగా, ఈ ఒక్కదానికేనా చలి?" అంది. ఆవిడ మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, బూతులు తిట్టుకుంటూ మిగతా రెండూ తనే తొడిగింది.

తర్వాత ఇద్దరం లోపలికి వెళ్ళాం. గ్లెన్నా వంటపొయ్యి నుంచి మంచం దాకా బూట్లతో దబదబా నడిచింది. గెంతింది. కుక్క పరిగెత్తింది. కిర్రు లేదు, ఊపు లేదు. ఆర్డిస్, నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నీకు రాయాల్సిన ఉత్తరం మనసులో అప్పుడే రాసేసుకున్నాను. గ్లెన్నా గ్లాసు నిండా నీళ్ళు పట్టి బల్ల మీద పెట్టి, "కూర్చో, ముచ్చట చూద్దాం" అంది. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. నీళ్ళు వణికాయి. సన్నగా, ఆగకుండా.

"మళ్ళీ విప్పి తొడగాలి" అన్నాను.

"నువ్వు కాస్త బయటికెళ్ళి నిలబడు."

వెళ్ళాను. కిటికీలోంచి చూశాను. ఆవిడ బల్ల దగ్గరే ఉంది, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. లోపలికొచ్చి కూర్చున్నాను. మళ్ళీ వణికాయి. బల్ల కాలికి ఆనుకుని ఉన్న నా కాలిని గ్లెన్నా చూసింది. నీళ్ళ గ్లాసు తీసి గట్టు మీద పెట్టింది. చివరికి, "వెర్లిన్, ట్రైలర్ బాగానే ఉందయ్యా" అంది.

వారం తిరక్కుండా తన కారెక్కించి యూమా ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు పడుచుపిల్ల, మంచిది. నన్ను నడిపించింది, వేళ్ళు ఆడించమంది, ఒక వాక్యం రాయమంది. రాస్తూ పోతే అక్షరాలు చిన్నవైపోతున్నాయి చూడండి, ఇది కూడా ఆ జబ్బులో భాగమే అంది. పార్కిన్సన్స్. మాత్రలు ఇచ్చింది. వెంటనే ప్రాణం తీసేది కాదట, నయమయ్యేదీ కాదట. ఊరికే ఉన్నప్పుడే ఈ వణుకు ఎక్కువట, గాఢనిద్రలో ఉండదట. నాకు నిద్ర పట్టక మెదలకుండా పడుకున్న రాత్రులన్నీ నీకు తల తిరిగిన రాత్రులే, ఆర్డిస్. మన మంచం పలకని ఆడించింది గాలి కాదు, నా కాలు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను తప్పంతా జాకీల మీదా, నేల మీదా, నీ చెవి మీదా పెట్టాను. తెలిసి చేసింది కాదు. కానీ నిన్ను ఈ ఇంట్లోంచి పంపేసింది నేనే.

ఇప్పుడు ట్రైలర్ ఎంత నిశ్చలంగా ఉందంటే నాకు గుబులుగా ఉంది. ఇదివరకు నువ్వు తెల్లారి లేచి కాఫీకి వెళుతుంటే మంచం కొంచెం కదిలేది. కళ్ళు తెరవకుండానే, లేచింది అనుకుని మళ్ళీ పడుకునేవాణ్ణి. ఇన్నాళ్ళూ అది చిరాకు అనుకున్నాను. ఇప్పుడు పొద్దున్నే కాసేపు దానికోసం చూసి, ఎవరూ లేరని గుర్తొచ్చి లేస్తున్నాను. రేడియో పెడతాను. కాఫీ ఇప్పటికీ ఇద్దరికీ సరిపడా కాస్తున్నాను, చెయ్యికి అదే అలవాటు.

నీ ప్రశ్నకి "ట్రైలర్ ఊగట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అబద్ధం కూడా కాదు. అలాగే రాశాను, కవరు కూడా అంటించాను. నెలాఖరుకి నువ్వు బస్సు దిగేదానివి. మొదటి రాత్రే నీకు తెలిసిపోయేది, తెలిసినా వెనక్కి వెళ్ళే మనిషివి కావు నువ్వు. అందుకే ఆ కవరు పొయ్యిలో పెట్టాను. నువ్వు ఇక్కడ ఇరుక్కుపోయి ఉండటం నాకు వద్దు. టికెట్ కొనేముందే నీకు అన్నీ తెలియాలి. ఇక్కడికొస్తే నీకు కదలని మంచం దొరకదు. రేపు నా చొక్కా గుండీలు నువ్వే పెట్టాల్సి రావచ్చు, ఎల్లుండి నోట్లో చెంచా కూడా.

ఇదంతా చెప్పాక రావద్దని నేనే రాయాలి, మంచి మొగుడైతే అలాగే రాస్తాడు. నిన్నటినుంచీ ఆ మాట కోసం కూర్చున్నాను. రాలేదు. నాకు భయంగా ఉంది, ఆర్డిస్. వచ్చెయ్. రాలేనంటే ఆ మాట నువ్వే రాయి, మార్నా చేత మాత్రం రాయించకు.

ఇట్లు,
నిలకడ లేని నీ మొగుడు,
వెర్లిన్