అత్తయ్యగారూ, ఆ కారు ఎందుకు నిశ్శబ్దమైందంటే

ఐర్లండ్,
ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యులైన అత్తయ్యగారికి మీ పెద్దకోడలు నిర్మల వందనాలు.

ఇక్కడ నేనూ చిన్నీ ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బీపీ మాత్ర మీ చిన్నకోడలు సుజాత గుర్తుచేస్తే తప్ప వేసుకోవడం లేదట. బడిపిల్లలందరినీ గడగడలాడించిన హెడ్మిస్ట్రెస్‌గారే ఇలా చేస్తే ఎలాగండీ? మరిదిగారి దగ్గు తగ్గిందా? ముక్తేశ్వరంలో పిన్నిగారి కొబ్బరి దింపు అయిందా? అందరినీ పేరుపేరునా అడిగానని చెప్పండి.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, దీనికి మతిపోయిందా అనుకుంటారు. మీరు ఫోన్ ముట్టుకోవడం మానేశారు, మరి నేనేం చెయ్యను? ఇన్ని నెలలూ నా మీద కోపమనే అనుకున్నాను. ముక్తేశ్వరంలో ఆయన సమాధి మీద మట్టి వేసి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి మీరు నాతో సరిగ్గా మాట్లాడింది లేదు. సుజాత ఫోన్ తెచ్చి మీ చేతికిస్తే మంచం మీద పెట్టేసేవారట. నేనేం తప్పు చేశానా అని తలుచుకుని తలుచుకుని ఏడ్చాను. ఈమధ్య సుజాత అసలు సంగతి చెప్పింది. ఆ రోజు మీరు ఫోన్లో మాట్లాడుతుండగానే కారు హోరు ఒక్కసారిగా తెగిపోయిందనీ, అప్పుడే ఏదో గుద్దుకుందనీ, మీ ఫోనే మీ అబ్బాయిని పొట్టన పెట్టుకుందనీ మీ మనసులో పడిపోయిందట. కారు పక్కకి ఆపి ఉంది, దాని మీద గీత కూడా పడలేదు అని మేం చెప్పింది మిమ్మల్ని ఓదార్చడానికి ఆడిన అబద్ధమట. ఆ మాట విన్నాక నాకు అన్నం ముద్ద దిగడం లేదు అత్తయ్యగారూ. అందుకే ఆ కారు గురించి నాకు తెలిసిందంతా రాస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదవండి.

మీకు తెలుసు, అది ఆయన ముచ్చటపడి కొనుక్కున్నది. సెకండ్‌హ్యాండే, కాని చూస్తే ఎవరూ అనుకోరు. ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు, వెనక పేరుకి రెండు బుల్లి సీట్లు. సగం పెట్రోలు, సగం కరెంటు. తలుపులు పక్కకి కాదు, పైకి లేస్తాయి. మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు నేను నోరు మూసుకోలేదు. "ఇదేంటండీ, దీన్లో కూచోవాలంటే పీట మీద కూచున్నట్టు కూచోవాలి, లేవాలంటే ఎవరో చెయ్యి పట్టుకుని లాగాలి. సంసారం ఉన్నవాళ్ళు కొనేదేనా?" అన్నాను. ఆయన నవ్వి, "ఆయ్, నువ్వు లేచేటప్పుడు నేను చెయ్యిస్తాన్లే" అన్నారు. ఇచ్చేవారు కూడా. ఎక్కడికెళ్ళినా ముందు తను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, చెయ్యి అందించేవారు. ఇప్పుడు తలుపు ఫ్రేము పట్టుకుని నా తంటాలు నేను పడి లేస్తున్నాను.

అమ్మేయమని మరిదిగారు చెప్పారు. అమ్మేద్దామనే అనుకున్నాను. మేం తిరిగి వచ్చేసరికి అది ముసుగు కింద కదలకుండా పడి ఉంది. ముసుగు తియ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇంతలో నా పాత చిన్న కారు సర్కారువారి తనిఖీలో ఫెయిలైంది. కింద తుప్పు పట్టి బోలైపోయిందట, ఇంక రోడ్డెక్కనివ్వమన్నారు. ఇక్కడ మా ఊరి నుంచి ఆస్పత్రికి పొద్దుటి డ్యూటీ వేళకి బస్సు లేదు. రోజూ ఎవరినో ఒకరిని బతిమాలుకుని వెళ్ళాలి. ఒకరోజు వానలో ఎదురుచూసి ఎదురుచూసి, ఛీ ఇదేం బతుకు అని ఇంటికి తిరిగొచ్చి, ఆ ముసుగు లాగి పారేశాను. లోపల ఆయన వాడే కొబ్బరినూనె వాసన ఇంకా ఉందండీ. చాలాసేపు స్టార్టు చెయ్యకుండా ఊరికే కూర్చున్నాను. ఆ రోజు డ్యూటీకి ఆలస్యమైంది, తిట్లు తిన్నాను.

మిమ్మల్ని నవ్వించాలని చెప్తున్నాను, ఈ కారులో ఇరవై కిలోల బియ్యం బస్తా పట్టదు! వెనక డిక్కీ అని ఒకటుంది, రెండు కూరల సంచులు పెడితే నిండిపోతుంది. బస్తాని నా పక్క సీట్లో కూర్చోబెట్టాను. మనిషే కూర్చున్నాడనుకుని కారు టింగుటింగుమని ఒకటే గోల. చేసేది లేక బియ్యానికి సీటు బెల్టు పెట్టి తెచ్చుకున్నాను. మా వీధిలో ముసలాయన ఒకాయన చూసి టోపీ తీసి బియ్యానికి దణ్ణం పెట్టాడు. వెనక సీట్లో చిన్ని ఒక్కతే పడుతుంది. దాని కాళ్ళు సాగుతున్నాయి, వచ్చే ఏడాదికి అదీ పట్టదు. రాత్రి ఫోన్‌కి పెట్టినట్టే దీనికీ గోడకి వైరు తగిలించాలి. చలెక్కువైతే ఛార్జింగు తొందరగా దిగిపోతుంది. నా ఒంట్లో సంగతీ అంతే అనుకోండి.

పిన్నిగారు ఏమన్నారో కూడా నాకు తెలిసింది. చర్చి దగ్గర ఎవరో తీసిన ఫోటో చూసి, "మొగుడు పోయి ఏడాదన్నా కాలేదు, రెక్కల కార్లో ఊరేగుతోంది" అన్నారట. ఆవిడకి చెప్పండి, ఊరేగింపు కాదు, బెడ్‌పాన్లు మార్చడానికి వెళ్తున్నానని. ఆకాశం ఎప్పుడూ తడిగుడ్డ ఆరేసినట్టే ఉంటుంది ఇక్కడ. పొద్దున్న వెళ్ళేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. ఆదివారం కూడికకి వెళ్తే మన తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలు కనిపిస్తారు. అందరూ జంటలే. ప్రార్థన అయ్యాక ఎవరి భర్త వాళ్ళ కోటు పట్టుకుని నిలబడతాడు, నేను మాత్రం చిన్నికి జిప్పు పెడుతూ తల వంచుకుంటాను. చిన్నికి పొట్టిక్కలు కావాలట. బుట్టలు కుట్టడానికి పనసాకులు ఎక్కడ తేను చెప్పండి? గిన్నెలో ఇడ్లీ వేసిపెడితే, "ఇది నానమ్మ చేసింది కాదు" అని పక్కకి నెట్టేసింది. దాని మీద చెయ్యి చేసుకుని, మళ్ళీ నేనే దగ్గరికి తీసుకుని ఏడ్చాను.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను, జాగ్రత్తగా వినండి. ఈ కారు నడపడం మొదలుపెట్టిన కొత్తలో నాకు ప్రాణం పోయినంత పనైంది. పెద్ద రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు పెట్రోలు ఇంజన్ పనిచేస్తుంది. అది మన వీపు వెనకే ఉంటుంది, హోరుమంటుంది. ఆ హోరు ఇంకాస్త ఘనంగా వినపడాలని స్పీకర్లో కూడా వేస్తారట, మగవాళ్ళ సరదాలు! పక్కకి ఆపుదామని కాలు ఎత్తామా, ఆ హోరు టక్కున తెగిపోతుంది. మెల్లగా తగ్గడం ఉండదు. కారు మాత్రం కరెంటు మీద చప్పుడు లేకుండా ముందుకి పోతూనే ఉంటుంది. మొదటిసారి అలా అయినప్పుడు బండి చచ్చిపోయిందనుకుని "యేసయ్యా" అని అరిచేశాను. మావయ్యగారి స్కూటర్ ఆపితే కూడా ఇంజన్ కాసేపు డుగుడుగుమని కొట్టుకునేది కదా, తాళం తిప్పితేనే ఊరుకునేది. మీరు విన్న బండ్లన్నీ అలాంటివే. అందుకే ఆ రోజు మీరు అలా అనుకున్నారు.

నా మాట మీద నమ్మకం లేకపోతే సుజాతని అడగండి. పోయిన శనివారం మీరు కూడికకి వెళ్ళినప్పుడు నేనొక పని చేశాను. ముందే చెప్తున్నాను, తిట్టకండి. ఆయన వెళ్ళిన దారిలోనే వెళ్ళాను. కారు ఫోన్‌లోంచి సుజాతకి చేశాను. సుజాతకి ఏం చెయ్యబోతున్నానో చెప్పలేదు, ఊరికే కబుర్లు చెప్పమన్నాను. అది వంకాయ కూర సంగతి చెప్తోంది. ఆయన ఆపిన చోటు దగ్గరపడింది, రోడ్డు పక్కన చెట్ల కింద కార్లు ఆపుకునే జాగా. నేను కాలు ఎత్తాను. హోరు తెగిపోయింది. నేను మాట్లాడకుండా కారు మెల్లగా పక్కకి తీసి, గీతల మధ్యన నిలబెట్టి, పార్కింగు మీట నొక్కాను. ఈలోపల సుజాత గొల్లుమంది.

"అక్కా! ఏవైందండీ? చప్పుడాగిపోయిందేంటి? అక్కా, పలకరేంటండీ?"

"ఆయ్, ఉన్నానే సుజాతా. ఏం కాలేదు. కారు ఆపేను, అంతే."

"నా గుండె ఆగిపోయిందండీ బాబూ! గుద్దేసేరనుకున్నాను."

"అత్తయ్యగారు చెప్పింది ఇలాగేనా?"

 అది ఏడుస్తూ, "అచ్చం ఇలాగేనండీ. హోరున వస్తా వస్తా టప్పున తెగిపోయిందన్నేరు. పిలిచినా పలకలేదన్నేరు. అచ్చం ఇదేనండీ అక్కా" అంది. నేనూ అక్కడే స్టీరింగు మీద తలపెట్టుకుని ఏడ్చాను. ఇద్దరం ఫోన్ పెట్టకుండా అలాగే ఉండిపోయాం.

మీరు పిలిస్తే ఆయన ఎందుకు పలకలేదో కూడా చెప్తాను. బండి పక్కకి తీసేటప్పుడు అది నిలబడేదాకా మాట్లాడకూడదని చిన్నప్పటి నుంచి చెవినిల్లు కట్టుకుని చెప్పింది మీరే కదా. నేను ఫోన్ చేసినా అంతే, కాసేపు మాట్లాడాక ఆపుతున్నా అని కూడా అనకుండా పక్కకి తీసేవారు, కారు ఆగాకే మళ్ళీ "ఊఁ, చెప్పు" అనేవారు. ఆ రోజు కూడా కారు పద్ధతిగా గీతల మధ్యన ఆపి ఉంది. లైట్లు వెలిగి ఆరుతున్నాయి. సీటు బెల్టు తీసి ఉంది. ఆ లైట్లు చూసే దారిన పోయే ఒక పెద్దావిడ ఆగి తలుపు తట్టింది. గుద్దుకున్న కారులో ఎవరైనా ఇవన్నీ చేస్తారా చెప్పండి? ఆ గుండెనొప్పి కారు ఆగాక, ఆయన మళ్ళీ మాట్లాడేలోపు వచ్చింది. నేను నర్సుని అత్తయ్యగారూ, రిపోర్టులు నా కళ్ళతో చదివాను. ఆ రక్తనాళం మీ ఫోన్‌తో మూసుకుపోయింది కాదు, ఎన్నాళ్ళ నుంచో మూసుకుంటూ వచ్చింది. ఆ రోజు ఇంట్లో సోఫాలో కూర్చున్నా వచ్చేదే.

ఇంకొక్క మాట ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు, సుజాతకి కూడా. ఆయన ఆ రోజు చిన్నిని తేవడానికి వెళ్తున్నారు. స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళింది అది. మీ ఫోన్ రాకపోతే ఆయన ఆగేవారు కాదు. నేరుగా వెళ్ళి దాన్ని ఎక్కించుకుని, అదే హోరుతో తిరిగి వస్తూ ఉండేవారు. ఆ నొప్పి అప్పుడొచ్చి ఉంటే? వెనక బుల్లి సీట్లో పిల్ల ఉండగా?  మీరు ఫోన్ చేసి ఆపారు అత్తయ్యగారూ. చిన్ని ఇప్పుడు పక్క గదిలో బొమ్మలు వేసుకుంటోంది.

కారు అమ్మాలో ఉంచాలో మీరే చెప్పండి, మీ మాట ప్రకారం చేస్తాను. మరిదిగారికి, పిన్నిగారికి నా నమస్కారాలు, సుజాతకి ముద్దులు. పాస్టరుగారిని మా ఇద్దరి పేర్లు ప్రార్థనలో మర్చిపోవద్దని అడగండి. మీ ఆశీర్వాదం మాకు కావాలి.

ఉత్తరం అందిందని సుజాత చెప్పాక, వచ్చే ఆదివారం మీ సాయంకాల ప్రార్థన అయ్యాక ఫోన్ చేస్తాను. ఈసారి మంచం మీద పెట్టేయకండి, మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. కారు ఊసు ఎత్తను. నాకు కావలసింది ఒక్కటే. ఆ పొద్దున్న ఆయన నాతో అన్నది "పాలు అయిపోయాయి, వచ్చేటప్పుడు తెస్తాను" అని మాత్రమే. ఆయన చివరిసారి మనసారా మాట్లాడింది మీతోనే. సుజాత ఎంత అడిగినా ఆ మాటలు మీరు బయటపెట్టలేదట. ఏం మాట్లాడారండీ? అన్నం తిన్నావా అమ్మా అనడమే అయినా సరే, ఉత్త దగ్గే అయినా సరే, ఆయన ఎలా అన్నారో అలాగే, ఆయన మాటల్లోనే నాకు చెప్పండి. మీరు చెప్తే నేను వింటాను.

మీ కోడలు,
నిర్మల