పెద్ద డ్రమ్ము ఎడమకు తిరిగిన రోజు

పంజగుట్ట,
21 జనవరి 1946

పూర్వ సహపాఠి భిక్షపతి గారికి,

1936 ఫిబ్రవరి 9 ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మన పటాలం బడి బ్యాండు అమీర్‌పేట చౌరస్తాలో కుడికి తిరిగి బ్యాండ్ల పోటీకి బేగంపేట మైదానానికి వెళ్ళింది. వెనక వరుసలో పెద్ద డ్రమ్ము మోస్తున్న మీరు ఎడమకు తిరిగి ఎల్లారెడ్డిగూడ వెళ్ళారు. పాటల జట్టు డ్రమ్ము వెంటే నడవాలని ఉత్తర్వు. అందువల్ల మేం పన్నెండుమందిమీ మీ వెనకే వచ్చాం. కప్పు వేరే బడికి పోయింది. మీ పేరు బ్యాండు రిజిస్టరులో కొట్టేశారు.

వచ్చే నెల 24న పూర్వ విద్యార్థుల బ్యాండు మళ్ళీ అదే దారిలో నడుస్తుంది. రిజిస్టరులో పేరున్నవాళ్ళే నడవాలని సంఘం తీర్మానం. మీరు చూడటానికి రావచ్చు. బడివాళ్ళు వేలం వేసినప్పుడు మీరు కొన్న పెద్ద డ్రమ్మును ఆ ఒక్కరోజుకు ఇప్పించగలరు. ఆ సందర్భంగా వేస్తున్న ప్రత్యేక సంచిక కోసం మీ జ్ఞాపకాలు కూడా ఒక పేజీకి మించకుండా పంపగలరు.

ఇట్లు,
యేసురత్నం, కార్యదర్శి

తా.క. డ్రమ్ము మీ దర్జీ దుకాణంలో బట్టలు కత్తిరించే బల్లగా ఉందని విన్నాను. తోలు మీద కత్తెర గాట్లుంటే ముందుగా తెలపండి.

~

అమీర్‌పేట,
24 జనవరి

రత్నం భాయికి భిక్షపతి దండాలు.

జ్ఞాపకాలు అడిగావు, రాస్తున్నాను. అప్పుడు నా ఎత్తు నాలుగున్నర అడుగులు. డ్రమ్ము ఎత్తుకుంటే నాకు ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు. అందుకని బ్యాండు మాస్టరు పాటల జట్టులో మొదటివాడివైన నిన్ను నా వెనక పెట్టాడు. నువ్వు కుడి భుజం తడితే కుడికి, ఎడమ భుజం తడితే ఎడమకు తిరగాలి. చౌరస్తాలో తిరిగింది నేనే. కాదనను.

ఎల్లారెడ్డిగూడలో ఒక పెండ్లివారు, మాట్లాడుకున్న బ్యాండు రాక, వాకిట్లో నిలబడి ఉన్నారు. మనల్ని చూసి పెండ్లికొడుకు తండ్రి "ఇంత ఆలస్యమా? కొట్టుండ్రి, కొట్టుండ్రి!" అని అరిచాడు. నేను కొట్టాను. మీరు నాలుగు పాటలు పాడారు. కప్పు పోయిన సంగతి రిజిస్టరులో ఉంది సరే, లడ్డూల సంగతి ఉందా?

మా అమ్మ కాంతవ్వ ఆ రోజు నేను వాయించేది చూడాలని బేగంపేట మైదానంలో పొద్దుటి నుంచి నిలబడింది. బ్యాండు వచ్చింది, నేను రాలేదు. పదేళ్ళుగా ఇంటికి ఎవరొచ్చినా అదే చెబుతుంది: "అందరి కొడుకులు అచ్చిండ్రు, నా కొడుకే రాలె." ఈసారి ఆమె ముందు వాయించాలి. డ్రమ్ము ఇస్తాను, నా భుజాన ఉంటేనే. పేరు మళ్ళీ రాయించు.

భిక్షపతి

తా.క. వరుసలో మాట్లాడితే ఆరు బెత్తం దెబ్బలు, నిజమే. పాడటానికి అనుమతి ఉంది కదా? దారి తప్పామని పాటలో పెట్టి చెప్పలేకపోయావా?

~

పంజగుట్ట,
29 జనవరి

భిక్షపతి గారికి,

జ్ఞాపకాలు అందాయి. లడ్డూల ప్రస్తావన తీసేశాను.

రిజిస్టరు మరోసారి చూశాను. కమాండెంటు సాహెబు అడిగితే మీరు చెప్పిన జవాబు అందులో ఉంది: "నేనే తిరిగిన." ఇది ఒప్పుకోలు. అయినా మీ వాదన వింటాను. ఫిబ్రవరి 3 ఆదివారం సాయంత్రం నాలుగింటికి డ్రమ్ముతో మా ఇంటికి రండి. ఎర్రమంజిల్ గుట్ట దిగాక మొదటి సందు, ఎడమవైపు మూడో ఇల్లు.

యేసురత్నం

తా.క. మనిద్దరి మధ్య దూరం మైలున్నర. నోటిమాట రికార్డుకు ఎక్కదు గనక ఉత్తరాలే మేలు. టపా మోసే ఐలయ్య అభిప్రాయం వేరు: "మీ ఇద్దర్ని ఒక్క కాడ కూసోబెడితే నా కాళ్ళు బతుకుతయి సారూ."

~

అమీర్‌పేట,
4 ఫిబ్రవరి

కార్యదర్శి గారికి,

ఇప్పుడు నేనూ గారు అంటున్నాను, గమనించండి.

మైలున్నర డ్రమ్ము మోసుకుని వచ్చాను. మొదటి సందు, ఎడమవైపు, మూడో ఇల్లు. తలుపు తీసింది సీతాబాయి అనే పెద్దామె. "ఏందిది? మా ఇంట్ల పెండ్లి లేదు, పేరంటం లేదు. అల్లుడు గిప్పుడే పండుకున్నడు. జర సప్పుడు చెయ్యకుండ పో నాయనా" అంది. యేసురత్నం ఇల్లేదని అడిగితే "గసొంటోడు ఈ దిక్కు లేడు" అంది.

నన్ను వీధిలో నవ్వులపాలు చేయడానికే ఈ చిరునామా ఇచ్చారు. డ్రమ్ము ఇవ్వను. అది బల్లగానే బతుకుతుంది.

భిక్షపతి

తా.క. సీతాబాయి గారు నాలుగు రవికెల కొలతలు ఇచ్చారు. మీ వల్ల జరిగిన మేలు అదొక్కటే.

~

పంజగుట్ట,
8 ఫిబ్రవరి

భిక్షపతి గారికి,

మీ కోసం ఆరింటి దాకా లోపలి గదిలో రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీరు రాలేదు. గైర్హాజరు అని రాశాను.

వేరే డ్రమ్ము ఎరువు తెచ్చాం. రాజనర్సయ్య మోస్తాడు. 17న రిహార్సలు. ఈ విషయం ఇంతటితో ముగిసింది.

యేసురత్నం

తా.క. రాజనర్సయ్య ఇంతకుముందు డ్రమ్ము వాయించలేదు. అయితే మనిషి పొట్టిగా ఉన్నా భారీగా ఉంటాడు.

~

అమీర్‌పేట,
11 ఫిబ్రవరి

కార్యదర్శి గారూ,

సంతోషం. రాజనర్సయ్యకు భుజం తట్టేది ఎవరు?

భిక్షపతి

~

పంజగుట్ట,
18 ఫిబ్రవరి

ప్రియమైన భిక్షపతీ,

భుజం తట్టింది నేనే.

నిన్న ఉదయం తొమ్మిదింటికి బ్యాండు అమీర్‌పేట చౌరస్తాలో కుడికి తిరిగింది. నేను రాజనర్సయ్య కుడి భుజం తట్టాను. ఆయన ఎడమకు తిరిగి ఎల్లారెడ్డిగూడ దారి పట్టాడు. నేను నోటుపుస్తకం తీసి ఆయన తప్పు రాసుకుంటుంటే కార్నెట్ వాయించే బుచ్చయ్య పరుగెత్తుకొచ్చాడు. "రత్నం భాయ్, నువ్వు తట్టింది ఎడమ భుజం!" అన్నాడు. కాదన్నాను. "అయితే నీ కుడి చెయ్యి ఎత్తు" అన్నాడు. ఎత్తాను. పదహారుమంది నవ్వారు. అది ఎడమ చెయ్యి.

ఇంటికొచ్చి మా ఆవిడ కృపామణితో చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "పెళ్ళిలో పాస్టరు గారు కుడిచెయ్యి పట్టుకోమంటే మీరు ఎడమచెయ్యి పట్టుకున్నారండీ. భక్తి ఎక్కువై తడబడ్డారనుకున్నాను" అంది. మా ఇల్లు సందులో కుడివైపు ఉందని కూడా ఆమే చెప్పింది. సీతాబాయి గారిల్లు మాకు సరిగ్గా ఎదురు; వాళ్ళు ఆ ఇంట్లో దిగి నెల కూడా కాలేదు, నా పేరు ఎరగరు.

ఒక సంగతి మాత్రం అర్థం కాక సాయంత్రం బుచ్చయ్యను అడిగాను. తప్పు నాదైతే నువ్వు "నేనే తిరిగిన" అని ఎందుకన్నావు? ఆ రోజు కమాండెంటు గది బయట అతను కాపలా ఉన్నాడట. లోపల నువ్వు చెప్పిన జవాబు విన్నాడట. "భుజం తట్టినోని పేరు జెప్పు" అని సాహెబు మూడుసార్లు అడిగాడట. వాడు ఏ జట్టువాడైతే ఆ జట్టు మొత్తాన్నీ బడి నుంచి తీసేస్తానన్నాడట. మా పాటల జట్టులో పదిమందికి ఆ బడి తిండే తిండి. నాకూ అంతే. మూడుసార్లూ నువ్వు ఆ ఒక్కమాటే అన్నావట. రిజిస్టరులో జవాబు ఉంది, ప్రశ్న లేదు. పదేళ్ళు నేను దాన్నే సాక్ష్యం అనుకున్నాను.

నిన్న రాత్రే సంఘం కూర్చుంది. నీ పేరు రిజిస్టరులో మొదటి వరుసలో రాశాం. కుడి పేజీలో. అది కుడి పేజీయేనని బుచ్చయ్య చూసి సంతకం చేశాడు. కొట్టేసిన చోట పాటల జట్టు పన్నెండుమందిలో ఊళ్ళో ఉన్న తొమ్మిదిమందిమీ సంతకాలు చేశాం.

నీ
రత్నం

తా.క. ఆదివారం 24న ఉదయం ఎనిమిదింటికి బడి గేటు నుంచి బయలుదేరతాం. ఈసారి డ్రమ్ము ముందు, బ్యాండు వెనక. నీ భుజం తట్టేది కృపామణి. తొమ్మిదింటికి అమీర్‌పేట చౌరస్తాలో అందరం ఆగుతాం. కాంతవ్వ గారికి అక్కడ కుర్చీ వేయించాను. ఆమె చాలన్నదాకా నువ్వొక్కడివే వాయిస్తావు. తర్వాత బేగంపేటకు.