అమ్మ తలకి నూనె

ఆండాళూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆర్నెల్లు విరుదునగర్‌లో నీ దగ్గర, ఆర్నెల్లు కోవిల్‌పట్టిలో నా దగ్గర అని అమ్మను పంచుకున్నాం. నీ ఆర్నెల్లు కూడా నా నెత్తిన పడేసి తప్పించుకున్నావు చెల్లీ. ఆమెకు తొంభై నాలుగు, నాకు డెబ్బై రెండు. ఆమెను లేపి కూర్చోబెట్టాక నన్ను లేపడానికి ఇంకొకరు కావాలి.

అమ్మ తల ఎండిపోయి దురద పెడుతోందని ఈ ఉదయం నువ్వుల నూనె కాచి తెచ్చాను. ఈ ఎండకు ఆరిన గొంతు తడుస్తుందని కొబ్బరి బోండాం కూడా కొట్టించాను. రెండూ మంచం పక్కన పెట్టేదాకా నాకు తట్టలేదు.

నీకు గుర్తుందిగా? నాయనమ్మ మంచాన పడి లేవనప్పుడు తలారా నూనె పెట్టి, చన్నీళ్లు పోసి, బోండాం నీళ్లు తాగించింది అమ్మే. రాత్రికే చలిజ్వరం కమ్మి, మర్నాటికి నాయనమ్మ లేదు. ముసలివాళ్లను సాగనంపే పద్ధతి అదేనని ఊరంతా అంది. మనిద్దరం తలుపు చాటునుంచి చూశాం.

అమ్మ గిన్నెను చూసింది, బోండాన్ని చూసింది. ఏడవలేదు. జుట్టు ముడి విప్పుకుంది.

"ఏమే, ఈపొద్దేనా?" అంది. "నీళ్లు మటుకు సల్లంగా పొయ్యొద్దు."

"అయ్యో, అది కాదుమా, దురదకే" అన్నాను.

వెంటనే అనలేదు ఆండాళూ. ఎంతసేపు ఊరుకున్నానో అమ్మకు తెలుసు, నాకు తెలుసు.

నువ్వు బతికుంటే నీకూ చెప్పేదాన్ని కాదు.