కింది నుంచి పైకి చదివిన ఉత్తరం

అమీర్‌పేట,
సోమవారం.

సనత్‌నగర్ షెడ్డు యజమాని సత్యరాజు గారికి, అరుణాదేవి నమస్కారాలు.

మీకు చెవులు సరిగ్గా వినపడవని, ఫోను ఎత్తరని నా మనవరాలు హైందవి చెప్పింది. ముప్పై ఏళ్ళు ఇంజన్ల మధ్య బతికినవారికి ఆ మాత్రం విశ్రాంతి న్యాయమే. అందుకే ఉత్తరం.

హైందవి, దాని కాలేజీ స్నేహితులు మీ షెడ్డులో రేసు గో-కార్ట్ బిగిస్తున్నారు కదా. ఈ ఆదివారం పోటీలో దాన్ని నడిపేది మా పిల్లేనట. కంచం ముందు కూర్చున్నా యాక్సిలు, బేరింగు, ఘర్షణ తగ్గించడం, ఇవే మాటలు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పాను. ఘర్షణ వల్ల లాభాలు రాయమంటే ఒక్కడూ రాసేవాడు కాదు. తగ్గించే పద్ధతులు మాత్రం అందరికీ కంఠస్థం. మా వీధి గోడల మీద నలభై కోర్సుల కాగితాలున్నాయి, బేరింగు కోర్సు ఒక్కటీ లేదు. కనుక ఆ ఘర్షణ ఎలా తగ్గిస్తారో ఒక్క మెట్టూ వదలకుండా రాయండి.

దాని తండ్రి, నా కొడుకు దుర్గేష్, పదకొండేళ్ళ కిందట పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద స్కూటరు మీద నుంచి పడి చనిపోయాడు. వేగం అన్నారందరూ. పెళ్ళాం, పిల్ల ఉన్నవాడు అంత వేగంగా వెళ్తాడా అని నా కోడలు ఉదయలక్ష్మి ఇప్పటికీ ఫొటోకు దండ వేస్తూనే తిడుతుంది. మీకు తెలిసి ఉండటం మంచిదని రాశాను.

ఇట్లు,
అరుణాదేవి

తా.క. ఈ ఉత్తరం హైందవి చేతికే ఇస్తున్నాను. ఇతరుల ఉత్తరాలు విప్పదు. నేను చెప్పినవాటిలో అది విన్నది ఆ ఒక్కటే.

సనత్‌నగర్,
మంగళవారం.

పెద్దమ్మగారికి, సత్యరాజు ప్రభువు నామంలో వందనాలు.

మీ ఉత్తరం చూసి మస్తు ఖుషీ అయిన. పిల్లల పెద్దోళ్ళు ఎవరొచ్చినా "ఎప్పుడైతది, ఏమన్న అయితదా" అని అడుగుతరు. బేరింగు గురించి అడిగింది మీరే ఫస్టు.

రాస్తున్న. కొత్త బేరింగుల గట్టి గ్రీజు కూరి ఉంటది. పక్కకున్న రబ్బరు మూత సూదితోని లేపాలె. గ్రీజంత కిరసనాయిల్ల కడిగి, ఆరబెట్టి, పల్చటి నూనె రెండు చుక్కలు వెయ్యాలె. వెనక చక్రాలను తిప్పే యాక్సిలుకు మూడు బేరింగులు. అవి కూసునే హౌసింగులు సుత మూడు. మూడూ ఒక్క గీత మీదుండాలె. బోల్టులు ఒకటేసారి బిగించొద్దు. జర బిగించుడు, యాక్సిలు చేత్తోని తిప్పి చూసుడు, మళ్ళ జర. అంత అయినంక ఒక్కసారి తిప్పి వదిలి లెక్క పెట్టాలె. మాది నిన్న తొంభై రెండు సెకన్లు తిరిగింది. మీ హైందవి చేతిపనే.

దుర్గేష్ సారు సంగతి ప్రార్థనల పెట్టుకుంట.

మీ
సత్యరాజు

తా.క. మీరు టీచరమ్మ. తప్పులుంటే ఎర్ర సిరాతోని దిద్ది పంపకండి. మా ఇంటామె చూస్తే పరువు పోతది.

అమీర్‌పేట,
బుధవారం.

సత్యరాజు గారికి,

ఉత్తరం పదిసార్లు చదివాను. పదికి తొమ్మిది. ఒక మార్కు దస్తూరికి పోయింది.

ఒక సందేహం, కేవలం జ్ఞానం కోసం. ఎవరైనా గ్రీజు అలాగే ఉంచేసి, ఒక హౌసింగు కాస్త వంకరగా బిగించారనుకోండి. బండి నెమ్మదిస్తుందా? ఎంత? నాలాంటిది కూరగాయల సంచీతో నడిచినంతా?

రేపు మధ్యాహ్నం పులిహోర తెస్తాను. పిల్లలు తింటూ ఉంటే నేను యాక్సిలు దగ్గర కూర్చుని చూస్తాను. నాకోసం ఎవరూ లేవనక్కర్లేదు.

ఇట్లు,
అరుణాదేవి

తా.క. సూది కోసం వెతకకండి. నా కొప్పులో పిన్నులు ఎప్పుడూ ఉంటాయి.

సనత్‌నగర్,
శుక్రవారం.

పెద్దమ్మగారికి వందనాలు.

పులిహోర మంచిగుండె. బండే మంచిగ లేదు. తొంభై రెండు సెకన్లు తిరిగేది పదకొండుకే ఆగుతుంది. మీరు బుధవారమే అడిగిన్రు, వంకర బిగిస్తే ఏమైతదని. చూడకుండనే నా పనిల లోపం పసిగట్టిన్రు! నాకు అప్పుడు సమజ్ కాలే. నా చేతులు ఈ మధ్య వణుకుతున్నయమ్మా. బోల్టులన్నీ ఆఖరుకు మళ్ళ బిగించింది నేనే, ఏది తప్పు బిగించిన్నో యాదికి రాదు. ఏ బేరింగో తెలిస్తే గంట పని. తెల్వకపోతే సీటు, ఇంజను అన్నీ విప్పాలె. రేపు సాయంత్రం బండి లారీ ఎక్కాలె, టైము లేదంటున్నరు పిల్లలు. ఈ పోటీ అయినంక షెడ్డు మూసేద్దామనుకుంటున్న.

"నీ వల్లనే" అన్నడు వాళ్ళ దోస్తు వంశీధర్, మీ పిల్లను. ఆమె ఏడ్వలే. అన్నం తినలే. "ఇట్లనే తీస్కపోదాం, అదే నడుస్తది" అన్నది.

నెమ్మదైతే ఫికర్ లేదమ్మా. వంకరున్న బేరింగు వేడెక్కి పట్టేస్తది. గంటకు ఎనభై మీద యాక్సిలు ఆగితే వెనక చక్రాలు రెండూ ఒక్కసారే ఆగుతయి. బండి ఎటు పోతదో దేవునికే ఎరుక. మీరన్న చెప్పండి, వద్దని.

సత్యరాజు

తా.క. యాక్సిలు కింద మీ పిన్ను ఒకటి దొరికింది. టిఫిను డబ్బాల పెట్టిన.

అమీర్‌పేట,
శనివారం, పొద్దున.

సత్యరాజు గారికి,

ముందు పని మాట. మధ్య హౌసింగు, ఎడమవైపు కింది బోల్టు. మీ పానాతోనే అర చుట్టు ఎక్కువ తిప్పాను. మూత లేపి మీ డబ్బాలోని గ్రీజు కూరాను. మీరు రాసిన పద్ధతినే కింది నుంచి పైకి చదివి చేశాను. మీ చేతులకు ఏ రోగమూ లేదు. షెడ్డు మూయకండి.

పిల్ల నెమ్మదిగా వెళ్తుందని చేశాను. బేరింగు పట్టేస్తుందని భౌతికశాస్త్రం టీచరుకు తెలియదా అని మీరు అడగవచ్చు. తెలుసు. అందరికంటే నాకే బాగా తెలుసు.

దుర్గేష్ వేగంగా వెళ్ళలేదు. ఆ వారమంతా స్కూటరు ముందు చక్రం గుర్రుమంటూనే ఉంది. వెనక కూర్చుని రోజూ విన్నాను. "అమ్మా, బేరింగు పోయినట్టుంది. ఇవాళ షాపులో వదిలేస్తాను, నువ్వు బస్సులో వెళ్ళు" అన్నాడు. నాకు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ. ఆలస్యంగా వెళ్ళిన రోజు నా సర్వీసులో లేదు. "శనివారం ఇద్దువుగానిలే, పద" అన్నాను. శుక్రవారం నన్ను దింపి వెనక్కి వస్తుంటే జరిగింది. తర్వాత పోలీసు స్టేషన్లో ఆ చక్రాన్ని నేనే చేత్తో తిప్పి చూశాను. తిరగలేదు.

వేగం అని ఎవరో మొదట అన్నారు. నేను కాదనలేదు. పదకొండేళ్ళుగా ఉదయలక్ష్మి ఫొటోను తిడుతుంటే పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాను. రాత్రి మీ ఉత్తరంలో మీ చేతుల సంగతి చదివాక, నా తప్పును ఇంకొకరు మోయడం ఇది రెండోసారని లెక్క తేలింది.

ఈ ఉత్తరం హైందవి చేతికి ఇవ్వను. నేనే తెస్తున్నాను. మీ అందరి ముందు నేనే చదువుతాను, మీకు వినపడేంత గట్టిగా. ఉదయలక్ష్మిని కూడా ఆటోలో తెస్తున్నాను. ఎందుకని అడిగింది. పులిహోర డబ్బా తెచ్చుకోవాలన్నాను.

ఇట్లు,
దుర్గేష్ తల్లి

తా.క. బోల్టు సరిచేసి, గ్రీజు కడిగాక యాక్సిలు తిప్పి వదలండి. సెకన్లు నేను లెక్కపెడతాను. తొంభై రెండు వచ్చేదాకా నన్నెవరూ ఏమీ అనకండి. ఆ తర్వాత ఉదయలక్ష్మిని ముందు అననివ్వండి.