వెనక తలుపు తాళం

జూలై 9, రాత్రి

ముమ్మిడివరం రొయ్యల షెడ్డు వెనక తలుపుకి ఆ తాళం ఇంకా అలాగే ఉంది. రొయ్యలు పట్టుకుపోతారని యజమాని వేయించాడు. చల్లబరిచే యంత్రాల్లోని అమ్మోనియా లీకైతే లోపలున్న ఆడవాళ్ళంతా ఒక్క ముందు తలుపు మీదే పడాలి.

మొన్న నేను నడిపిన యూనియన్ భద్రతా శిక్షణలో నేనే యజమానిగా నటిస్తే, వాళ్ళ ప్రతినిధి సత్యవతి నన్ను గడగడలాడించింది. "సార్, తాళం తీయించండి. తీసేదాకా లోపలికెళ్ళం!" అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను.

ఈరోజు అసలు యజమాని ఎదుట నిలబడగానే సత్యవతి "బాబాయిగారూ, ఆ తాళం..." అంది.

"ఏమ్మా సత్తెవతీ, బాబాయి మీదే నమ్మకం లేదా? నిన్ను చంపుకుంటానా?"

"అయ్యయ్యో, అదేం మాటండీ!"

"మరెళ్ళి పని చూసుకో తల్లీ."

"ఆయ్."

బయటికొచ్చాక, సార్ అనమన్నాను కదా అన్నాను. "చిన్నప్పట్నుంచీ ఆ పిలుపేనండీ. ఇప్పుడు సారంటే తిట్టినట్టుంటుందండి," అంది.

నా పాఠంలో ఈ పిలుపు సంగతే లేదు. పక్కనే ఉన్న నేనైనా ఎందుకు అడగలేదు? లోపల ఉన్నప్పుడే నన్నూ "రండి చెల్లెమ్మా, కాఫీ తాగండి" అన్నాడాయన. తాగాను.

తెల్లారితే వాళ్ళంతా మళ్ళీ ఆ షెడ్డులోకి...