కవిత నుదుటి విబూది

మంగళవారం రాత్రి

పెన్నాగరం బస్సెక్కి, మంచం పట్టినవాళ్లుండే ఆశ్రమానికి ఈరోజు కూడా విబూది తీసుకుని వెళ్లాను. నన్ను చూడగానే రంగమ్మక్క దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"నాకొద్దు చెల్లీ. పోయిన వారం నువ్వు పూసి దండం పెట్టినోళ్లు ఇద్దరూ పోయినారు."

నర్సు కవిత పకపకా నవ్వి నా ముందు తల వంచింది. "నాకు పెట్టవ్వా. పోతే నైట్ డ్యూటీ తప్పుతాది."

అడిగినవాళ్లకు కాదనకూడదని పెట్టేశాను. ఆ పిల్లకు పాలు తాగే బిడ్డ ఉంది. రంగమ్మక్క అన్నదే నిజమైతే?

ఇంటికొచ్చి అదే విబూది నేనూ పూసుకున్నాను. తీసుకుపోయేది ఏదైనా ఉంటే ముందు ఈ ముసలిదాన్ని తీసుకుపోనీ. తెల్లారి కవిత డ్యూటీ దిగేదాకా నేనూ పడుకోను.