మేనేజరు గారి గోడగడియారం

అక్కా,

ఇక్కడ నేను కులాసా, ఉద్యోగం కూడా ఇప్పటిదాకా కులాసాయే. ఇంట్లో చేసే గడియారాల రిపేరు సంగతి ఆఫీసులో తెలిసిపోయిందేమోనని అనుమానంగా ఉంది. బయటిపని చేస్తే ఉద్యోగం ఊడుతుందని మొన్న నోటీసు అంటించిన మేనేజరే, నిన్న తన గోడగడియారం తెచ్చి నా బల్లమీద పెట్టి, "బాగుచేసేవాడు ఎవడైనా తెలుసటోయ్?" అన్నాడు. ఇంతమందిలో నన్నే ఎందుకు అడగాలి? "కనుక్కుంటానండీ" అని ఇంటికి పట్టుకొచ్చి, బాగుచేసి, ఈ పొద్దున అప్పగించాను. అప్పుడు గుర్తొచ్చింది, అలవాటు కొద్దీ వెనక మూత లోపల తేదీ రాశానని. ఆఫీసు రిజిస్టర్లో ఆయన రోజూ చూసే దస్తూరీయే! "పనివాడు గట్టివాడే" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

బావ పాత పట్టకారు పంపు. చంటిదానికి దగ్గు తగ్గిందా? ఇకమీదట గడియారాల మాట కార్డుమీద రాయకు, కవర్లో రాయి. నీ పోయిన కార్డు ఇస్తూ పోస్ట్‌మాన్, "పని బాగానే సాగుతోందని అక్కగారికి రాయండి. ముందు ఇది చూడండి" అని తన వాచీ విప్పి ఇచ్చాడు. ఇవాళ నా దగ్గరా కార్డే ఉంది, ఆయన చేతికే ఇస్తున్నాను.

బావకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ తమ్ముడు

పోస్ట్‌మాన్ గారూ, మీ వాచీ ఆదివారానికి తయారవుతుంది. ఆఫీసులో మాత్రం అడక్కండి.